ఒక్కసారే పలికే మాట

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. వానలు వెనక్కి తగ్గి, చలి ఇంకా ముందుకు రాని రోజులు. ఆరేసిన బట్ట ఆరుతుందో, మళ్లీ తడుస్తుందో చెప్పలేని ఆ కాలమంటే లాండ్రీలో పనిచేసేవాళ్లకు ఒళ్లుమంట.

ఆ లాండ్రీ వీధి చివర ఉండేది. ముందు కౌంటరు, దాని వెనక జేబుల బల్ల, ఆ వెనక సిమెంటు తొట్లు, బాయిలరు, పెరట్లో ఆరేసే తీగలు. అన్నిటికంటే వెనక పెద్ద కిటికీలున్న హాల్లో ఇస్త్రీ బల్లలు. ఆసుపత్రి దుప్పట్లు, హోటలు దుప్పట్లు అక్కడే మడిచేవాళ్లు.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. బిగించి లాగాలి, దులపాలి, సగానికి మడిచి ఒకరికొకరు ఎదురు నడిచి వచ్చి అంచులు చేతికందించాలి. మళ్లీ వెనక్కి నడవాలి. హాల్లో ఆ పని చేసేది తోడికోడళ్లు. ఇంట్లో ఎలాగో పనిలోనూ వాళ్లని పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలిచేవాళ్లు. రోజంతా వాళ్ల చేతులు కలుస్తూనే ఉండేవి. మాటలు మాత్రం కలిసి ఏళ్లయింది.

"ఇస్త్రీ అన్నయ్యా, ఆ చివర కాస్త బిగించి పట్టుకోమని చెప్పు" అనేది పెద్దకోడలు, చిన్నకోడలి ముఖంలోకే చూస్తూ.

"ఆ చివర బిగించే ఉంది. ఈ చివరే కునుకు తీస్తోందని చెప్పన్నయ్యా" అనేది చిన్నకోడలు.

"నన్నెందుకమ్మా మధ్యలోకి లాగుతారు? నేనేమన్నా టెలిఫోను తీగనా?" అనేవాడు ఇస్త్రీ అన్నయ్య, పెట్టె పైకెత్తకుండానే.

గొడవకి కారణం అందరికీ తెలుసు. వాళ్ల అత్తగారు పోయిన రోజున పెద్దకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వచ్చినవాళ్లంతా అయ్యో పాపం అంటున్నారు. చిన్నకోడలు పక్కనే కూర్చుని కాసేపు పరకాయించి చూసి, "అక్కా, గొంతే ఏడుస్తోంది నీకు. కళ్లు తడవలేదే?" అంది. రహస్యంగా కూడా కాదు, గది నిండా ఉన్న జనంలో. అన్నది అబద్ధమైతే పెద్దకోడలు ఆ సాయంత్రానికే మర్చిపోయేది. నిజం కాబట్టి మర్చిపోలేకపోయింది. ఆనాటి నుంచి ఆమెతో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. తిట్టనూ లేదు, మర్యాదా తప్పలేదు. నోరు మూసుకుని దుప్పట్లు మడిచింది, అంతే.

పెద్దకోడలు నోరు మూసుకోవడంలో మొదటినుంచీ గట్టిది. జన్మకొకసారే పలికే ఆ మాట ఆమె దగ్గర ఇంకా ఉంది.

ఆ మాట నిష్కల్మషం. రాసుకోవడానికి ఎన్నిసార్లైనా రాసుకోవచ్చు. సబ్బు డబ్బాల మీద, గోడల మీద, సమాధి రాళ్ల మీద ఎక్కడ చూసినా అదే. పలకడం మాత్రం మనిషికి జన్మకొకసారే. రెండోసారి నోరు తెరిస్తే గాలి వస్తుంది, మాట రాదు. తగిన చోట పలికితే దగ్గరున్న నీళ్లు ఏవైనా సరే, కాలవ నీళ్లైనా కుండలో నీళ్లైనా, అడుగుదాకా తేటపడతాయి. చూసినవాళ్లు, ఎవరి గురించి ఆ మాట పలికారో ఆ మనిషిని ఇక శంకించరు. తగని చోట పలికితే నీళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. మాట మాత్రం పోతుంది.

అందుకే బళ్లో పాఠం పైకి చదివించేటప్పుడు ఆ మాట దగ్గరికి రాగానే పిల్లలంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దాటుకుని, అవతల వాక్యం అందుకునేవాళ్లు. రేడియోలో వార్తలు చదివేవాడు అక్కడ చిన్నగా దగ్గేవాడు. అయినా జనం జాగ్రత్తగా ఉంటారా? మున్సిపల్ ఎన్నికల్లో ఒకాయన లారీలెక్కించి తీసుకొచ్చిన జనమంతా ఆయన గురించి ఒక్క గొంతుతో ఆ మాట అన్నారు. వేదిక మీద గ్లాసులో నీళ్లు కదల్లేదు. ఆయన గెలిచాడు, జనానికి మాట పోయింది. పెద్దకోడలి మొగుడు కొత్త సైకిలు బెల్లు మొదటిసారి కొట్టి, ఆ చప్పుడుకు మైమరచి అనేశాడు. చిన్నకోడలు పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు నవ్వు చూసి అనేసింది. "నీళ్లు తేటపడ్డాయి, నేను చూశాను" అంటుంది ఈనాటికీ. "ఆ నవ్వులో ఇప్పుడు సగం పళ్లు లేవు గానీ, ఆ రోజు చూడాల్సింది మీరు."

పెద్దకోడలు తన మాటను వాళ్ల నాన్న కోసం దాచింది.

ఆయన ఆమె దగ్గరే, ముందు గదిలో కిటికీ పక్క మంచం మీద ఉండేవాడు. బావుల్లో పూడిక తీసిన మనిషి. తాడు నడుముకి కట్టుకుని దిగి, అడుగున పేరుకున్న బురద బొక్కెనలతో పైకి పంపడం ఆయన పని. ఆ చెమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి ముసలితనంలో పగ తీర్చుకుంటోంది. ఆయన తన మాట ఎప్పుడో కుర్రతనంలో ఒక బావి మీద ఖర్చుపెట్టేశాడు. రోజుల తరబడి పూడిక తీశాక కొత్త ఊట పైకి చిమ్మిందట. దోసిలిపట్టి తాగి, సంతోషం పట్టలేక అనేశాడు. తర్వాత భార్య పోయేటప్పుడు ఆవిడ మంచం పక్కన నిలబడితే నోట గాలే వచ్చింది. ఆవిడ తల పక్కన గ్లాసులో మడ్డి నీళ్లు మడ్డిగానే ఉండిపోయాయి. పోయేవాళ్ల పక్కన అలా ఒక గ్లాసు పెట్టడం, అయినవాళ్లు ఆ మాట అనడం, తేటపడిన నీళ్లు చూసి వాళ్లు కళ్లు మూయడం, ఇది అందరూ కోరుకునేదే. దక్కేది కొందరికే.

ఆయన తన గ్లాసును మడ్డి నీళ్లతో నింపి ముందే కిటికీలో పెట్టుకున్నాడు. ఎప్పుడైనా పెద్ద దగ్గు తెర వచ్చి తగ్గాక కూతురి వైపు చూసి అడిగేవాడు.

"దాచావుగా?"

"దాచాను నాన్నా."

"ఎక్కడా జారిపోలేదుగా?"

"మాట నాన్నా అది. గుండీ కాదు జారిపోవడానికి."

"ఏమో. మీ ఆయనకి సైకిలు బెల్లుతో జారింది" అనేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. గోడ అవతల మొగుడు, "ఇంకా ఎన్నేళ్లు నా బెల్లు మోగిస్తారు మీరిద్దరూ?" అని విసుక్కునేవాడు.

లాండ్రీలో జేబుల బల్లకి ఒక పద్ధతి ఉంది. ఉతకడానికి వచ్చిన ప్రతి బట్టకీ జేబులు తిరగేసి, దొరికింది దొరికినట్టు గట్టిగా అరిచి చెప్పాలి. "కోటు, ఎడమ జేబు, రుమాలు!" వెనక నిలబడ్డ రెండో మనిషి "విన్నా!" అనాలి. అప్పుడు ఆ వస్తువు బల్ల మీది డబ్బాలో పడుతుంది. ఖాళీ జేబునైనా ఖాళీ అని అరవాల్సిందే, అవతలి మనిషి విన్నా అనాల్సిందే. ఇద్దరి నోళ్లు సాక్ష్యం కాబట్టి ఆ లాండ్రీలో ఎప్పుడూ ఏదీ పోలేదు.

తోడికోడళ్ల వంతు వచ్చినప్పుడు మాత్రం పెద్దకోడలు "విన్నా" అనేది కాదు. అంటే ఆమెతో మాట్లాడినట్టవుతుంది కదా. బదులుగా చెక్కముక్కతో బల్ల మీద ఒక్కటి కొట్టేది. చిన్నకోడలు అరుస్తుంది, ఈమె టక్కుమని కొడుతుంది. మొదట్లో అందరూ నవ్వారు, తర్వాత అలవాటుపడ్డారు. అలవాటు పడ్డాక ఏమవుతుందంటే, చెయ్యి దానంతటదే కొడుతుంది. చెవి తన దారిన తను పోతుంది.

ఒక వారం చివర్లో, ఉతికిన కోటు పట్టుకుని ఒకాయన వచ్చాడు. ఆ కోటాయన అరిచే మనిషి కాదు. లావుగా, మెత్తగా ఉన్నాడు. కౌంటరు ముందు టోపీ తీసి చేతిలో పట్టుకుని, "ఎవరినీ ఏమీ అనడం లేదండీ. మా అమ్మ ఉంగరం. వేలికి బిగుతై కోటు కుడి జేబులో వేసుకున్నాను. కోటు వచ్చింది, ఉంగరం రాలేదు" అన్నాడు. అరిచి ఉంటే ఓనరు ఎదురు అరిచేవాడు. కోటాయన కళ్లలో నీళ్లు తిరుగుతుంటే కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

ఓనరు హాల్లోకి వచ్చాడు. ఇస్త్రీ పెట్టెలన్నీ ఆగాయి.

"ఆ కోటు జేబులు చూసిందెవరు?"

"నేనే" అంది చిన్నకోడలు. "కుడి జేబు ఖాళీ. అరిచి చెప్పాను కూడా."

"విన్నదెవరు?"

అందరూ పెద్దకోడలి వైపు చూశారు. నోరు తెరిస్తే చాలు, విన్నాను అంటే అక్కడితో తెగిపోతుంది. ఆమె విన్నాననబోయింది కూడా. తోడికోడలి మీద ప్రేమ కాదు, ఇంటిపరువు. ఈలోగానే చిన్నకోడలు అందుకుంది.

"అక్క వినలేదండీ. ఆ రోజు అక్క మనసు ఇక్కడ లేదు. వాళ్ల నాన్నకి రాత్రంతా దగ్గట. చెక్క ఊరికే కొట్టింది. నేను చూశాను."

ఇస్త్రీ అన్నయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఓ తల్లీ! నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటున్నావే!"

"వినలేదు కదా మరి? వినలేదంటే వినలేదనే చెప్పాలి" అంది చిన్నకోడలు, ఆయన్నే వెర్రివాణ్ణి చూసినట్టు చూసి.

ఓనరు పెద్దకోడలి వైపు తిరిగాడు. "నిజమేనా?"

ఇక దాచడానికేముంది? "నిజమే. వినలేదు" అంది.

"అయితే సాక్ష్యం లేదు" అన్నాడు ఓనరు. చెడ్డవాడు కాదు, భయస్థుడు. కౌంటరు బయట అప్పటికే జనం గుసగుసలు పోతున్నారు. "సోమవారం దాకా చూస్తాను. ఉంగరం దొరక్కపోతే బొమ్మ గేటుకి పెట్టాల్సిందే. మరోదారి లేదు."

బొమ్మ గేటుకి పెట్టడమంటే ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. పట్టుబడ్డవాళ్ల ఫొటో లాండ్రీ గేటుకి తగిలిస్తారు. ఆ తర్వాత హోటల్లో గిన్నెలు కడిగే పనికి కూడా ఎవరూ పిలవరు. చిన్నకోడలి మొగుడి చెయ్యి మిల్లు యంత్రంలో నలిగి, ఇంట్లోనే ఉంటున్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె తెచ్చే జీతంతోనే. కూతురు బడికెళ్లేదీ దాంతోనే.

ఆ సాయంత్రం దుప్పట్లు మడిచేటప్పుడు మొదటిసారి చిన్నకోడలి వైపు అంచులు వంకర పోవడం పెద్దకోడలు గమనించింది. వంకర పోయిన ప్రతి దుప్పటినీ విప్పి, ఎదురు నడిచి వచ్చి మళ్లీ కలిపింది.

ఇంటికెళ్లే దారిలో ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. ఎవరు నిజం చెప్పమన్నారు? ఊరుకుని ఉంటే నేనే కాపాడేదాన్ని కదా? పెద్ద సత్యవంతురాలు! ఇలా అనుకుంటూనే నడిచి, వీధి మలుపులో ఆగిపోయింది. మనిషి తన మెడకి ఉరి పడుతుందని తెలిసి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అత్తగారు పోయిన రోజున చెప్పినట్టే. ఆ రోజు నా పరువు, ఈ రోజు దాని బతుకు. దానికి రెండూ ఒకటే.

ఆదివారం మధ్యాహ్నం నాన్నకి జావ పట్టించి, మూతి తుడిచి, అక్కడే మంచం పట్టె మీద కూర్చుంది.

"నాన్నా, ఆ మాటకి అర్థం ఏంటి?"

"ఇన్నాళ్లూ అర్థం తెలీకుండానే దాచావా?"

"తప్పు చేయని మనిషి అనే కదా? బళ్లో అలాగే చెప్పారు."

"తప్పు చేయని మనిషిని నువ్వెక్కడైనా చూశావా?"

"లేదు."

"మరి ఆ మాట ఎవరి కోసం పుట్టినట్టు?" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు తగ్గాక, బావిలోంచి మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "నేను చాలా బావుల్లో దిగానమ్మా. కొన్ని ఉంటాయి, పైన ఆకులు, పుల్లలు, నాచు. చూస్తే కడుపులో తిప్పుతుంది. ఆకులు తీసి పక్కన పడేస్తే అంతే, అడుగున ఇసుక మెరుస్తూ ఉంటుంది. ఇంకొన్ని ఉంటాయి. పైనంతా అద్దం. ముఖం చూసుకోవచ్చు. దిగి కాలు పెడితే మోకాలి దాకా బురద. పడ్డవన్నీ పొరలు పొరలుగా కిందికి దింపేసుకుని, ఏమీ ఎరగనట్టు పైన తేటగా కూర్చున్న బావి అది. కల్మషమంటే ఆ అడుగు బురద. పైనున్న ఆకులు కాదు."

కల్మషం అని ఎన్నిసార్లైనా అనొచ్చు. దానికి ముందు లేదనే ముక్క చేరితేనే చిక్కు.

పెద్దకోడలు తల దించుకుంది. ఏళ్ల తరబడి మర్యాద తప్పకుండా దుప్పట్లు మడిచిన తన నోరు గుర్తొచ్చింది. ఆ నోటి కింద ఎంత పూడిక పేరుకుందో కూడా.

"అంటే ఎదురుగా తిట్టేవాళ్లు, ఆ తిట్టుతోనే మర్చిపోయేవాళ్లు…"

"పైన ఆకులు" అన్నాడు ఆయన. తర్వాత కిటికీలోని గ్లాసు వైపు చూసి, "ఎవరికోసం అడుగుతున్నావో నాకు తెలుసు. మీ ఆయన చెప్పాడు ఉంగరం సంగతి" అన్నాడు.

"నాన్నా…"

"నాకక్కర్లేదు, దానికే ఇచ్చెయ్ అంటాననుకుంటున్నావేమో. అనను. నాకు కావాలి. మీ అమ్మకి నేనివ్వలేకపోయాను, కనీసం నేనైనా విని పోదామని ఈ మంచం పట్టుకుని వేలాడుతున్నాను. అర్థం అడిగావు కాబట్టి చెప్పాను."

"వేరే అర్థం చెప్పి ఉండొచ్చుగా? తప్పు చేయనివాళ్లకే అది అని చెప్పుంటే లేచి వెళ్లిపోయేదాన్ని."

"చెప్పొచ్చు. నీ మాట నాకే దక్కేది. కానీ అలా దక్కించుకున్నాక నువ్వు ఆ మాటంటే ఈ గ్లాసు తేటపడుతుందా చెప్పు?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర మొగుడు అన్నాడు, "నీ నోరు నీ ఇష్టం. తమ్ముడి కాపురం నిలబడితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ నీళ్లు తేటపడకపోతే? అప్పుడు అదీ పోతుంది, ఇదీ పోతుంది. మీ నాన్న ముఖం ఎలా చూస్తావు?"

"తేటపడతాయి" అంది.

"అంత ధీమా ఏంటి? దాంతో మాట్లాడి ఎన్నేళ్లయిందో కూడా గుర్తుందా నీకు?"

"మాట్లాడకపోతేనేం? రోజూ అదే దుప్పటి పట్టుకున్నాను. ఆ చివర ఎప్పుడైనా వదిలేసి నా మీద నెపం వేసిందా అని ఆలోచించాను. ఒక్కసారి కూడా లేదు. జారితే, 'నా వల్లే జారింది' అని అరుస్తుంది, ఎవరూ అడక్కపోయినా."

సోమవారం పొద్దున లాండ్రీలో ఎవరికీ పనిమీద ధ్యాస లేదు. ఓనరు చేతిలో ఫొటో ఉంది. చిన్నకోడలు పనిలో చేరినప్పుడు తీయించుకున్నది, కళ్లు పెద్దవి చేసుకుని బెదిరినట్టు చూస్తోంది అందులో. కోటాయన కౌంటరు పక్క కుర్చీలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అందరూ తొట్ల దగ్గర గుమిగూడారు. తొట్ల నిండా రాత్రి నానబెట్టిన హోటలు బట్టల నీళ్లు, నురుగు చచ్చి, బూడిదరంగులో ఉన్నాయి.

"ఉంగరం దొరకలేదు" అని మొదలుపెట్టాడు ఓనరు, ఫొటో వైపు చూస్తూ, మనిషి వైపు చూడలేక. "కాబట్టి…"

"నాకొక మాట ఉంది" అంది పెద్దకోడలు.

ఇస్త్రీ అన్నయ్య ముందు అర్థం చేసుకున్నాడు. "అమ్మా, తొందరపడకు. అది మీ నాన్నకని కదా దాచావు? ఊరందరికీ తెలుసు."

"నాకూ తెలుసన్నయ్యా."

అప్పుడు చిన్నకోడలికి తెలిసింది. గభాల్న ముందుకొచ్చి పెద్దకోడలి చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా! నీకు పిచ్చా? నాకెందుకు అది? నేనేమీ మంచిదాన్ని కాదు. మీ వంటింట్లో పంచదార డబ్బాలోంచి తీసుకునేదాన్ని."

"తెలుసు. నువ్వే చెప్పావు, పోయినేడాది, అన్నయ్యతో."

"నీ నడక బాతు నడక అని అందరి దగ్గరా అన్నాను."

"విన్నాను."

"నీకు చీర కొన్నారని ఏడ్చాను. మా ఆయన్ని తిట్టాను. నీకు జ్వరం వస్తే, బాగా అయింది అనుకున్నాను. ఒక పూటే అనుకున్నాను, కానీ అనుకున్నాను!"

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దకోడలు నవ్వలేదు. చిన్నకోడలు చెబుతున్న కొద్దీ ఆమెకు గుండెలో ఏదో కుదురుకుంటోంది. ఇది కూడా ఎవరో అడిగితే చెప్పడం లేదు ఈ మనిషి. ఒక్కొక్క ఆకూ తనే తీసి ఒడ్డున పడేస్తోంది.

"అయిపోయిందా?" అంది.

"ఇంకా ఉన్నాయేమో, గుర్తు రావడం లేదు" అంది చిన్నకోడలు, ఏడుస్తూ.

పెద్దకోడలు ఓనరు వైపు తిరిగింది. కోటాయన వైపూ చూసింది. గోడ వైపు తిరిగి పడుకున్న నాన్న ఒక్కసారి కళ్లముందు మెదిలాడు.

"ఈమె నా తోడికోడలు. ఈమె మనసు నిష్కల్మషం."

అంతే. గట్టిగా కూడా అనలేదు. అన్నాక ఆమె నోట్లో నాలుక చిన్నగా తేలికైనట్టు, పన్ను ఊడిన చోటులా, అనిపించింది.

దగ్గరున్న తొట్టి మొదట తేటపడింది. బూడిదరంగు మెల్లగా కిందికి దిగడం కాదు, అసలు లేకుండా పోయింది. తర్వాత పక్క తొట్టి, దాని పక్కది. బాయిలరు గొట్టం కింద పెట్టిన బొక్కెన, నేల మీద గుంటలో నిలిచిన మురికి నీళ్లు, కౌంటరు మీద గుమాస్తా సగం తాగి వదిలేసిన గ్లాసు. తొట్ల అడుగున సిమెంటు గీతలు కూడా కనిపించాయి. ఊడిన గుండీలు, తలపిన్నులు, ఒక చెంచా, ఎవరిదో చిన్న తాళంచెవి. ఉంగరం మాత్రం లేదు.

కోటాయన లేచి వచ్చి తొట్టిలోకి వంగి చాలాసేపు చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. "నా దగ్గరే ఎక్కడో పోయి ఉంటుంది" అన్నాడు. చిన్నకోడలి ముందు ఆగి, "మా అమ్మ కూడా మీలాగే నోరు ఊరుకోని మనిషమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ ఉంగరం ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలీదు. ఆ తర్వాత ఎవరూ అడగనూ లేదు.

ఓనరు ఫొటోని చొక్కా జేబులో పెట్టుకుని, "మరి పనులు చూడండి. ఆసుపత్రి బండి వచ్చే వేళయింది" అన్నాడు. కొత్త బట్టలు పడ్డాయి. మధ్యాహ్నానికి తొట్లలో నీళ్లు మళ్లీ బూడిదరంగుకి తిరిగాయి.

హాల్లో తోడికోడళ్లిద్దరూ దుప్పటి అందుకున్నారు. లాగారు, దులిపారు, ఎదురెదురు నడిచారు.

"నా చివర జారుతోందక్కా" అంది చిన్నకోడలు.

"విన్నా" అంది పెద్దకోడలు.

ఇస్త్రీ అన్నయ్య ఇంకో వైపు తిరిగి, అవసరం లేకపోయినా పెట్టెలో బొగ్గులు ఊదుకున్నాడు.

సాయంత్రం ఆమె ఇంట్లో అడుగుపెట్టేసరికి నాన్న మేలుకునే ఉన్నాడు. చెప్పులు విప్పే తీరు చూసే తెలుసుకున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది నాన్నా."

"తేటపడ్డాయా?"

"అడుగుదాకా. పిన్నులు కూడా కనబడ్డాయి."

ఆయన తల ఊపాడు. "అయితే దండగ పోలేదు."

"కోపంగా ఉందా?"

"ఉంది" అన్నాడు. ఉందని చూపించాడు కూడా. ఆ వారమంతా ఆమె పట్టించిన జావ తాగలేదు, అల్లుడు పట్టిస్తేనే తాగాడు. తర్వాత ఒక పొద్దున, "ఇలా తే ఆ గిన్నె. మీ ఆయన సగం నా మెడ మీదే పోస్తున్నాడు" అన్నాడు. అంతటితో సరి. దాచావుగా అని మాత్రం మళ్లీ అడగలేదు. కిటికీలోంచి గ్లాసు తీయమని కూడా అనలేదు. ఆమె తీయలేదు.

చిన్నకోడలు ఆదివారాలు వచ్చి ఆయన దుప్పట్లు మార్చేది. "పెద్దయ్యా, మీ దగ్గర పాత బావి వాసన వస్తోంది, కాస్త కిటికీ తెరవనివ్వండి" అనేది. "నీ నోరు మూస్తే తెరుస్తా" అనేవాడాయన. ఆమె వెళ్లాక, "ఆకులు బానే రాలుస్తోంది" అని కూతురితో అనేవాడు. ఒకసారి ఆమె తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "నా దగ్గర ఇంకా ఉండుంటే మీకే ఇచ్చేదాన్ని పెద్దయ్యా. ఆ పళ్ల మీద తగలేశాను" అంది. ఆయన పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు వచ్చిన దగ్గు చాలాసేపు తగ్గలేదు.

చలి ముదిరిన ఒక పొద్దున, ఎండ కిటికీలోకి వచ్చే వేళకి ఆయనకి ఊపిరి అందడం మానేసింది. కూతురు ఒక పక్క, చిన్నకోడలు ఇంకో పక్క నిలబడ్డారు. అల్లుడు గుమ్మంలో ఉన్నాడు. ఆయన కళ్లు గ్లాసు మీదికి వెళ్లి, అక్కడినుంచి కూతురి మీదికి వచ్చాయి. అడగడం లేదు, చూస్తున్నాడు. అర్థం అడిగినందుకు అర్థం చెప్పిన మనిషి. తనకు నష్టమని తెలిసి, అది కూడా దాచకుండా చెప్పిన మనిషి. తను పుట్టినప్పటినుంచీ ఎరిగినవాళ్లందరిలో ఆ మాట చెల్లేది ఈయనకేనని ఆమెకు ఆ క్షణంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

ఆమె నోరు తెరిచింది.

గాలి వచ్చింది.

ఆయన పోయాడు. గ్లాసులో నీళ్లు మడ్డిగానే ఉన్నాయి.